కొండ దిగే మనిషికి మెట్లు కట్టండి: మన్యం ఘాట్ రోడ్ల అధికారులకు బహిరంగ లేఖ

మన్యం ఘాట్ రోడ్లను, అడవిని, పర్యాటకాన్ని చూసుకునే అధికారులందరికీ,

నమస్కారం.

మేము పదిహేడు మందిమి. చోడవరం, మాడుగుల చుట్టుపక్కల ఊళ్ల వాళ్లం. మాలో ఇద్దరు టీచర్లు, ఒక టైలరు, ఒక బెల్లం వ్యాపారి, ఒక బీమా ఏజెంటు, మిగిలినవాళ్లు రకరకాల పనుల్లో ఉన్నవాళ్లు. ఆదివారం తెల్లవారుజామున సైకిళ్ల మీద పాడేరు ఘాట్ ఎక్కడం తొమ్మిదేళ్లుగా మా అలవాటు. రెండు రోజులు సెలవు కలిసొస్తే లంబసింగి వైపు పోతాం, లేదంటే ఎస్.కోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు చేరతాం. పైన తెలిసినవాళ్ల ఇంట్లో సైకిళ్లు పెట్టి కొండల్లో నడుస్తాం. ఈ దార్లు మాకు బండి అద్దంలోంచి తెలిసినవి కావు. గంటకి ఏడెనిమిది కిలోమీటర్ల వేగంతో, చెమట కారుస్తూ చూసినవి. ఏ మలుపులో ఏ రాయి కదిలిందో, ఏ కల్వర్టు మూసుకుపోయిందో మాకు తెలుసు. గొప్ప చెప్పుకోవడానికి కాదు, అంత మెల్లగా పోయేవాడికి ఎవరికైనా తెలుస్తుంది.

రెండేళ్లలో మూడు అర్జీలు పెట్టాం. ఫోటోలు జత చేశాం, ఏ కిలోమీటరు రాయి దగ్గరో కూడా రాశాం. మొదటిదానికి జవాబు రాలేదు. రెండోది తమ పరిధిలోకి రాదని ఇంకో ఆఫీసుకి పంపారు, ఆ ఆఫీసువాళ్లు తిరిగి మొదటి ఆఫీసుకే పంపారు. మూడోదానికి మాత్రం ఫోన్‌కి మెసేజ్ వచ్చింది: మీ అర్జీ పరిష్కరించబడింది అని. ఆ ఆదివారం ఉత్సాహంగా ఎక్కి చూశాం. మేము ఫోటో తీసి పంపిన కాలువలో అవే రాళ్లు, అదే ఆకుచెత్త. కొత్తగా వచ్చిందల్లా రెండు బీరు సీసాలు.

అందుకే ఈ లేఖ నలుగురూ చదివేలా రాస్తున్నాం. ఏ ఒక్క ఆఫీసునో వేలెత్తి చూపించాలని కాదు, అందుకే పేర్లు రాయలేదు.

అసలు విషయానికి వచ్చే ముందు ఒక్క సంగతి చెప్పాలి. మొదటి అర్జీలో మేము అడిగినవన్నీ సైకిళ్ల గురించే. మలుపుల్లో గులకరాళ్లు ఊడ్పించండి, గుంతలు పూడ్పించండి, ఇలాంటివి. పోయిన ఏడాది నవంబరులో ఒక తెల్లవారి మా ఆలోచన మారింది.

ఆరు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. మంచు బాగా పట్టి, ముందున్న సైకిలు వెనక లైటు ఎర్రటి చుక్కలా మాత్రమే కనిపిస్తోంది. ఒక మలుపు దగ్గర ఊపిరి తీసుకోవడానికి ఆగాం. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అక్కడ కొండని జేసీబీతో నిలువునా కోసేశారు, రెండు నిలువుల ఎత్తు ఉంటుంది. పైనుంచి కొండచీపుర్ల మోపు ఒకటి దభీమని వచ్చి కాలువలో పడింది. తర్వాత ఒక సంచి, అల్లం అయ్యుండాలి, వాసన వచ్చింది. ఆ తర్వాత ఒక పెద్దావిడ. చీర కుచ్చిళ్లు బిగించుకుని, వీపు కొండకి ఆనించి, మడమలు మట్టిలో గుచ్చుకుంటూ జారుతూ దిగింది. చేతికి దొరికిన వేరుని పట్టుకుంటే అది ఊడి వచ్చింది. చివరి నాలుగడుగులు పడిందనే చెప్పాలి. లేచి, దులుపుకుని, మోపు నెత్తిన పెట్టమని మావాడిని పిలిచింది. అదే దారిలో ఎందుకు దిగావమ్మా అని అడిగితే, "మా దారి ఇదే బాబూ. మీ రోడ్డే మధ్యలోంచి వచ్చింది" అంది. పెట్టినందుకు మంచిమాట చెప్పి సంతకి నడిచిపోయింది.

ఆవిడ అన్నదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. ఈ కొండల్లో కాలిదారులు రోడ్డు కంటే పాతవి. ఘాట్ రోడ్డు మెలికలు తిరుగుతూ పోతుంది, కాలిదారి మెలికలన్నిటినీ అడ్డంగా కోసుకుంటూ సూటిగా దిగుతుంది. అంటే ఒకే కాలిదారిని రోడ్డు నాలుగైదు చోట్ల తెంపుతుంది. తెంపిన ప్రతిచోటా పైవైపు నిట్టనిలువు కోత, కిందవైపు పిట్టగోడ. బండ్లకి రోడ్డు వెడల్పయిన ప్రతిసారీ నడిచేవాళ్ల దారి ఇంకాస్త తెగిపోయింది. మేము వారానికి ఒకసారి సరదాకి ఎక్కుతాం. వాళ్లకి సంత, బడి, ఆసుపత్రి అన్నీ ఆ దారినే.

మన్యంలో రోడ్డు మాట తీస్తే వంద ఏళ్ల నాటి సంగతి గుర్తుకు రాక మానదు. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు కొండ మీదికి రోడ్డు వేయించిన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్, కొండవాళ్ల చేత సరిగా కూలి ఇవ్వకుండా ఆ పని చేయించాడు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడడానికి వెనకున్న కోపాల్లో ఆ రోడ్డు పనీ ఒకటి. ఇప్పుడు జిల్లాకి ఆయన పేరే ఉంది, 2022 ఏప్రిల్ 4 నుంచి. ఆ పేరున్న జిల్లాలో రోడ్డు మొదట ఎవరి కోసం ఉండాలో మేము చెప్పనక్కర్లేదు అనుకుంటాం.

ఇక మా విన్నపాలు. ముఖ్యమైనది ముందు.

1. కాలిదారి రోడ్డుని దాటే ప్రతిచోటా మెట్లు కావాలి. కొండ కోసిన చోట రాతి మెట్లు, పట్టుకోవడానికి ఒక ఇనుప పైపు. కిందవైపు పిట్టగోడలో మనిషి మోపుతో పట్టేంత సందు. ఇంతకంటే ఏమీ లేదు. పెద్ద యంత్రాలు అక్కర్లేదు, రాయి అక్కడే ఉంది, పని తెలిసినవాళ్లు ఆ ఊళ్లలోనే ఉన్నారు. ఏ దారి ఎక్కడ దాటుతుందో మ్యాపులో వెతికితే దొరకదు. ఆ పంచాయతీల గ్రామసభల్లో అడగండి, ఒక్క పూటలో చెప్పేస్తారు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభ మాటకి విలువ ఇవ్వాలని 1996 నాటి పెసా చట్టమే చెబుతోంది కాబట్టి ఇది కొత్త పద్ధతి కూడా కాదు.

డోలీ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రోడ్డు లేని పైగూడేల నుంచి జబ్బు మనిషిని కర్రకి దుప్పటి కట్టి మోసుకొస్తారు. అంబులెన్సు రోడ్డు దాకా వచ్చి ఆగుతుంది. అంతదూరం మోసుకొచ్చి, చివరి పదిహేను అడుగుల దగ్గర, కోసిన ఆ గోడ దగ్గర, డోలీ దింపలేక చుట్టూ తిరగాలి. ఒకసారి మేము ఐదుగురం కింద నిలబడి చేతులు చాచి అందుకున్నాం. దుప్పటిలో ఉన్న కుర్రాడు జ్వరంతో కాలిపోతున్నాడు. ఆ వేళ మేము లేకపోతే ఏం చేసేవారని మోసినవాళ్లని అడిగాం. "జాగ్రత్తగా పడేవాళ్లం" అన్నాడు వాళ్లలో ఒకాయన, నవ్వుతూ.

2. వానాకాలం రాకముందే సైడు కాలువలు తియ్యాలి. ఘాట్ రోడ్డు పాడయ్యేది బండ్ల బరువుకి అనుకుంటారు. మేము చూసినంతలో నీళ్లకి. కొండవైపున్న కాలువలో నీళ్లు పారి, కల్వర్టు కింద నుంచి లోయవైపు గెడ్డలోకి పోవాలి. ఆ కాలువలో రాళ్లూ ఆకులూ పేరుకుంటే నీళ్లు రోడ్డు మీదికెక్కి అడ్డంగా పారతాయి. అలా పారి లోయ అంచుని, అంటే పిట్టగోడ నిలబడ్డ మట్టిని తినేస్తాయి. గోడ పైకి బాగానే కనిపిస్తుంది, కింద మాత్రం డొల్ల. కాలు పెట్టి కదిపితే కదిలే పిట్టగోడలు మాకు తెలిసినవి మూడున్నాయి. దాన్ని నమ్ముకుని బస్సు డ్రైవరు అంచుకి వస్తాడు. మే నెలలో పార, గునపం పట్టుకుని నలుగురు మనుషులు చేసే పని ఇది. అది చెయ్యకపోతే ఆగస్టులో కొండచరియలు తీయడానికి జేసీబీలు పెట్టాలి. అప్పుడు దారి మూసేస్తే పాడేరు వెళ్లాల్సినవాళ్లు ఇంకో ఘాట్ చుట్టి పోవాలి, కూరగాయల బండి ఆగిపోతుంది, పరీక్షకి వెళ్లే పిల్లలు టెన్షన్ పడుతూ చెక్‌పోస్టు దగ్గర నిలబడతారు.

3. రోడ్డు అంచు. తారు మీద తారు వేస్తూ పోతారు, పక్క మట్టిని మాత్రం ఎవరూ ఎత్తు చెయ్యరు. కొన్నిచోట్ల తారుకీ మట్టికీ జానెడు తేడా వచ్చింది. వెనక లారీ హారన్ కొడితే సైకిలువాడు అంచు దిగాలి, దిగితే చక్రం జారి పడతాడు. మాలో ఒకరికి మణికట్టు విరిగింది అలాగే. నెత్తిన బరువుతో నడిచే మనిషికి ఆ జానెడు మడమ మెలిపెట్టేంత దిగుడు. కొత్త తారు వేసిన బిల్లులోనే అంచు మట్టి పని కూడా ఉండాలి, అది చూశాకే బిల్లు పాస్ చెయ్యండి.

4. మంచు వేళ. నవంబరు నుంచి జనవరి దాకా అర్ధరాత్రి దాటాక నగరం నుంచి బండ్లు బయలుదేరతాయి. తెల్లారేసరికి వంజంగి కొండ మీద మబ్బుల సముద్రం చూడాలి, లేదా లంబసింగిలో చలి కాచుకోవాలి. (లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. బయట ఉంటే కొర్రలా, అంటే కర్రలా బిగుసుకుపోతారని. ఆ పేరు పెట్టినవాళ్లకి హోటల్ గది లేదు మరి.) నిద్ర చాలని డ్రైవరు, మంచు, అలవాటు లేని మలుపులు, మూడూ ఒక్కచోట. 2021 ఫిబ్రవరిలో అనంతగిరి ఘాట్‌లో డముకు దగ్గర హైదరాబాద్ యాత్రికుల బస్సు లోయలో పడి నలుగురు పోయారు. 2023 ఆగస్టులో పాడేరు ఘాట్‌లో బస్సు పడి ఇద్దరు పోయారు. ఒక్కోదానికి ఒక్కో కారణం ఉంటుంది, తీర్పు చెప్పడానికి మేము ఎవరం. కానీ అంచు గీత, లైటు పడితే మెరిసే బిళ్లలు, మలుపులో గుండ్రటి అద్దం, ఈ మూడూ ఉంటే మంచులో కూడా రోడ్డు ఎటు తిరుగుతుందో తెలుస్తుంది. ఇప్పుడున్న అద్దాల్లో సగం పగిలాయి. ఒకదాని మీద పార్టీ స్టిక్కరు అతికించి ఉంది.

అలాగే, ఘాట్‌లో ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలని మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. ఈ సంగతి తెలిసిన డ్రైవర్లు తక్కువ. కింద చెక్‌పోస్టులోనూ పైన పాడేరు వైపునా తెలుగులో పెద్ద బోర్డు ఒక్కొక్కటి పెట్టించండి.

5. చెక్‌పోస్టులో సైకిళ్లని ఆపడం. ఇది మా సొంత బాధ, క్లుప్తంగా చెప్తాం. కార్లని ఆపరు, బైకులని ఆపరు, సైకిల్ చూడగానే చెయ్యి అడ్డం పెడతారు. ఒకరోజు పర్మిషన్ లెటర్ ఉందా అంటారు, ఇంకోరోజు మీ బాధ్యత ఎవరిది అంటారు. ఏ ఉత్తర్వు ప్రకారమో చూపించమంటే ఎవరి దగ్గరా లేదు. వానల్లో ప్రమాదమని రాత్రిపూట దారి మూస్తే మేము కిందే ఆగుతాం, అది సబబే. మిగతా రోజుల్లో సైకిలుకీ కాలినడకకీ అడ్డు లేదని ఒక్క ఉత్తర్వు రాయించండి. మాతోపాటు పాత అట్లాస్ సైకిలు మీద అరటిగెలలు దింపే కుర్రాళ్లని కూడా ఇలాగే ఆపుతుంటారు, వాళ్లకి వాదించే నోరు లేదు.

6. కొండ ఎక్కే దార్లు, వాటి మీద వచ్చే డబ్బు. వంజంగి పేరు వచ్చాక ఇప్పుడు ప్రతి కొండకీ ఒక వీడియో, ప్రతి వీడియోకీ వంద కార్లు. కొన్నిచోట్ల మనిషికింత అని తీసుకుని రసీదు ఇస్తున్నారు, కొన్నిచోట్ల రసీదు లేదు. తీసుకోవడం తప్పు అనడం లేదు. కొండ కింద ఊరివాళ్లు తీసుకుంటే మరీ మంచిది. కాకపోతే ఎంత వచ్చిందో, ఎక్కడ ఖర్చయిందో ఆ ఊరి గ్రామసభలో చదివి వినిపించాలి. మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితులు పర్యాటకాన్ని నడుపుతున్న అనుభవం మన దగ్గరే ఉంది. అడవిని కాపాడే, నిర్వహించే సామూహిక హక్కు ఊళ్లకి ఉందని 2006 అటవీ హక్కుల చట్టం చెబుతోంది. ఆ హక్కు పత్రం ఇంకా రాని ఊళ్లకి ముందు అది ఇప్పించి, తర్వాత వ్యూ పాయింట్ బోర్డులు పెట్టండి.

దారి చూపించే స్థానిక కుర్రాళ్లకి గుర్తింపు కార్డు, ప్రథమ చికిత్సలో శిక్షణ, రోజుకి ఇంత అని రేటు ఉండాలి. మమ్మల్ని ఒకసారి పొగమంచులో పై నుంచి కిందికి దింపిన అబ్బాయికి ఇరవై ఏళ్లు లేవు. అతను అడిగింది రెండు వందలు. ముందురోజు ఎవరో కారువాళ్లు అతనితో మూడు గంటలు నడిపించుకుని, యాభై చేతిలో పెట్టి, సెల్ఫీ తీసుకుని పోయారట.

7. గాజు పెంకులు. చిన్న విషయంలా కనిపిస్తుంది, మాకు మాత్రం కాదు. వ్యూ పాయింట్ల దగ్గర తాగి పగలగొట్టిన సీసాల పెంకులు కాలిదారుల మీదికి జారతాయి. మా సైకిలు ట్యూబుకి గుచ్చుకుంటే పది నిమిషాల పని, ప్యాచ్ వేసుకుని పోతాం. ఆ దారిన చెప్పుల్లేకుండా బడికి దిగే పిల్లల కాలికి గుచ్చుకుంటే వారం రోజుల బడి పోతుంది. ఆశ్రమ పాఠశాల నర్సమ్మని అడిగి చూడండి, లెక్క ఆవిడే చెబుతుంది. ఘాట్ కిందే సంచులు చూసి సీసాలు ఆపడం కష్టమేమీ కాదు. మా సైకిళ్లని ఆపే చెయ్యి అటు తిప్పితే చాలు.

మా వైపు తప్పులు కూడా ఒప్పుకోవాలి. సైకిలువాళ్లలో కొందరు ఇద్దరు ముగ్గురు పక్కపక్కనే కబుర్లు చెప్పుకుంటూ ఎక్కుతారు, వెనక బస్సు పాకుతూ రావాలి. దిగేటప్పుడు మలుపుల్లో వేగం చూపించుకునే కుర్రాళ్లున్నారు, తడి రోడ్డు మీద బ్రేకు పట్టదని ఒకసారి పడితే కానీ తెలుసుకోరు. మా బృందంలో ఇప్పుడు ఒకరి వెనక ఒకరే, వెనక ఎర్ర లైటు లేకపోతే ఇంటికి పంపిస్తాం. నెలకో ఆదివారం ఎక్కడం మానేసి ఆ కాలువలు మేమే తీస్తామని రెండో అర్జీలో రాశాం. అనుమతి కోసం ఇంకా చూస్తున్నాం. అనుమతి లేకుండా పార పట్టుకుంటే ప్రభుత్వ ఆస్తి ముట్టుకున్నారంటారేమోనని భయం, నవ్వకండి, నిజంగానే ఒకరు అలా హెచ్చరించారు.

గడువులు కూడా చెబుతాం, లేకపోతే ఇది నాలుగో అర్జీ అవుతుంది. కాలువలు మే నెలాఖరులోగా. సైకిళ్ల ఉత్తర్వు నెల రోజుల్లో, దానికి కాగితం, సంతకం తప్ప ఇంకేం కావాలి? మెట్లు దసరాలోగా కనీసం ఐదు చోట్ల, ఆ ఐదు ఎక్కడో గ్రామసభలే చెప్పాలి. మెరిసే బిళ్లలు, అంచు గీతలు నవంబరు మంచు పట్టేలోపు. మిగిలినవాటికి మీరే తేదీ వేసి చెప్పండి, ఆ తేదీ దాకా ఆగుతాం. ఆలోగా పని కాకుండా "పరిష్కరించబడింది" అనే మెసేజ్ వస్తే, ఆ మెసేజ్‌నీ ఆ కాలువ ఫోటోనీ పక్కపక్కన పెట్టి పత్రికలకి పంపుతాం.

వచ్చే ఆదివారం ఉదయం ఐదున్నరకి ఘాట్ కింద చెక్‌పోస్టు దగ్గర ఉంటాం. మీలో ఎవరు వచ్చినా సంతోషం. కారు కింద వదిలి రండి, రెండు సైకిళ్లు అదనంగా తెస్తాం. తొక్కలేమంటే నడుద్దాం, ఆ చీపుర్ల మోపు పడిన మలుపు దాకా మాత్రమే. అక్కడ పై కాలిదారిలోంచి రోడ్డు మీదికి మీరు ఒక్కసారి దిగి చూడాలి. కింద మేము పట్టుకుంటాం.

ఇట్లు,
ఆదివారాలు పాడేరు ఘాట్ ఎక్కే పదిహేడు మంది